న్యూమార్కెట్‌లో రెండేళ్ల గుర్రాలను చూసొచ్చాక

లండన్‌లో ఎక్కి కేంబ్రిడ్జ్‌లో దిగి, అక్కడ చిన్న రైలు మారితే ఇంగ్లండ్ గుర్రప్పందేల ఊరు న్యూమార్కెట్. స్టేషన్‌కు ఉన్నది ఒకటే ప్లాట్‌ఫారం. దిగినవాళ్లలో చాలామంది మెడలో బైనాక్యులర్లు, చంకలో మడిచిన రేసింగ్ పేపరు. దారి అడిగే పని లేకుండా వాళ్ల వెనకే నడిచాను. అది 2023 అక్టోబరు నెల. మర్నాడు శనివారం, 14వ తేదీన రెండేళ్ల గుర్రాల పెద్ద రేసు డ్యూహర్స్ట్ స్టేక్స్ ఉంది.

ఇంగ్లండ్‌లో క్లాసిక్‌లనే అతి ముఖ్యమైన రేసులు ఐదు. 2000 గినీస్, 1000 గినీస్ మే మొదట్లో ఈ ఊళ్లోనే జరుగుతాయి. ఓక్స్, డెర్బీ ఎప్సమ్‌లో. సెప్టెంబరులో డాంకాస్టర్‌లో జరిగే సెయింట్ లెజర్ ఆఖరుది. అన్నీ మూడేళ్ల గుర్రాలకే, కాబట్టి ఏ గుర్రానికైనా ఆ ఒక్క ఏడాదే ఛాన్సు. అందుకే రెండేళ్ల వయసులో వాటి పరుగు చూసి వచ్చే ఏడాది లెక్కలు వేసుకునేవాళ్లంతా అక్టోబరులో ఇక్కడికి చేరతారు. డ్యూహర్స్ట్ దూరం ఏడు ఫర్లాంగులు (మైలుకు ఎనిమిది ఫర్లాంగులు). పేరుమోసిన గుర్రాలు నిజిన్‌స్కీ, మిల్ రీఫ్, ఓటమి ఎరుగని ఫ్రాంకెల్ అందరూ ఇది గెలిచి పైకొచ్చినవాళ్లే.

తెల్లవారగానే గుర్రాలకు పరుగు సాధన చేయించే కొండ వారెన్ హిల్‌కు వెళ్లాను. ఇక్కడ గుర్రాలకున్న మర్యాద మనుషులకు లేదు. వరసగా రోడ్డు దాటుతుంటే కార్లు, లారీలు ఆగిపోతాయి, ఒక్కరూ హారన్ కొట్టరు. కొండ మీదికి రెండేసి గుర్రాలు పక్కపక్కనే పరుగెత్తుకుంటూ వస్తుంటే ముందు డెక్కల చప్పుడు, తర్వాత బుసబుసలాడే ఊపిరి వినిపిస్తుంది. నేను చూసుకున్నది ఆ ఊపిరినే. పైకొచ్చాక నాలుగడుగులు వేసేలోపే కుదుటపడే గుర్రం ఒకటైతే, ముక్కుపుటాలు ఎగరేస్తూ చాలాసేపు రొప్పేది మరొకటి. వేగం ఇద్దరిదీ ఒకటే కావచ్చు. మైలున్నర డెర్బీకి మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

హై స్ట్రీట్‌లో జాకీ క్లబ్ ముందు హైపీరియన్ కంచు విగ్రహం ఉంది. 1932లో డ్యూహర్స్ట్, 1933లో డెర్బీ, సెయింట్ లెజర్ గెలిచిన గుర్రం. ఎత్తు పదిహేను హ్యాండ్లు (హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు) దాటి కాస్తంతే. రేసుగుర్రాల్లో పొట్టిదనే అనాలి. ‘ఈ పిల్ల చిన్నది, డెర్బీకి పనికిరాదు’ అని తేల్చేసేవాళ్లను ఒకసారి ఈ విగ్రహం ముందు నిలబెట్టాలి.

మధ్యాహ్నం రేసు జరిగే రౌలీ మైల్ మైదానంలో, పరుగుకు ముందు గుర్రాలను నడిపించి చూపించే ప్యాడాక్ కంచె పట్టుకుని నిలబడ్డాను. మూపు కంటే వెనక భాగం ఎత్తుగా ఉందంటే ఆ గుర్రం ఇంకా ఎదుగుతోందన్న మాట. నడిచేటప్పుడు ముందు డెక్క పడిన గుర్తును దాటుకుని వెనక డెక్క పడుతోందా లేదా అన్నది చూడాలి. పుట్టిన నెల కూడా చూడాల్సిందే. జనవరి ఒకటి రాగానే అన్నిటికీ ఒక్క ఏడు పెరిగినట్టే లెక్క కాబట్టి, జనవరిలో పుట్టినదీ మేలో పుట్టినదీ ఒకే వయసుగా పరుగెత్తుతాయి. రెండేళ్ల పిల్లకు నాలుగు నెలల తేడా అంటే మాటలా! నా ముందు నుంచి వెళ్లిన ఒక కోల్ట్‌కు (కుర్ర మగ గుర్రానికి) వెనక కాళ్ల మధ్య సబ్బు నురగలా చెమట తెల్లగా పేరుకుంది. జనాన్ని చూసి టెన్షన్ పడింది పాపం. రేసు మొదలవకముందే సగం ఓపిక అక్కడే పోయింది.

ఐర్లండ్ నుంచి ట్రైనర్ ఐడెన్ ఓబ్రయన్ తెచ్చిన సిటీ ఆఫ్ ట్రాయ్ అనే కోల్ట్ మీదే అందరి కళ్లూ. తండ్రి జస్టిఫై 2018లో అమెరికా ట్రిపుల్ క్రౌన్, అంటే అక్కడి మూడు పెద్ద రేసులూ గెలిచాడు. తల్లి టుగెదర్ ఫరెవర్ 2014లో ఫిల్లీస్ మైల్ రేసు గెలిచింది, డెర్బీ విజేత గలీలియో కూతురు. అంటే తల్లి వైపు దమ్ముకు లోటు లేదు. నేల మెత్తగా ఉన్నా మొదటి నుంచీ ముందే ఉండి మూడున్నర లెంత్‌ల (ఒక గుర్రం పొడవు ఒక లెంత్) తేడాతో గెలిచేసింది. రౌలీ మైల్‌లో చివరి ఫర్లాంగుకు ముందు నేల దిగి, మళ్లీ విన్నింగ్ పోస్ట్ దాకా ఎక్కుతుంది. ఆ పల్లాన్ని డిప్ అంటారు. అనుభవం లేని పిల్లలు అక్కడ తడబడి పక్కకు జరుగుతాయి. ఇదేమో గీత గీసినట్టు వచ్చింది. ఆ సాయంత్రం అందరి నోటా ఫ్రాంకెల్ పేరే. మూడోదిగా వచ్చిన హాటెమ్ గురించి మాట్లాడినవాళ్లు నాకు కనిపించలేదు.

2024 మేలో అదే నేల మీద, ఒక్క ఫర్లాంగు ఎక్కువ దూరంలో 2000 గినీస్ జరిగింది. సిటీ ఆఫ్ ట్రాయ్ తొమ్మిదో స్థానం. హాటెమ్ మళ్లీ మూడు. గెలిచిన నోటబుల్ స్పీచ్ రెండేళ్ల వయసులో ఒక్క రేసూ పరుగెత్తలేదు. మేమంతా ప్యాడాక్ చుట్టూ మూగిన రోజుకు దాని పేరే లిస్టులో లేదు. ఇక సిటీ ఆఫ్ ట్రాయ్ పని అయిపోయిందని రాసినవాళ్లకు జూన్ 1న ఎప్సమ్‌లో జవాబు దొరికింది. మైలున్నర డెర్బీ అదే గెలిచింది. తల్లి రక్తం అక్కడ పనిచేసిందని నా నమ్మకం.

అందుకే గెలుపు తేడా ఎన్ని లెంత్‌లో చూసి నేను మురిసిపోను. పినటూబో అనే గుర్రం 2019లో డ్యూహర్స్ట్ కూడా గెలిచి, ఆ ఏడాదిని 128 అనే చాలా పెద్ద రేటింగ్‌తో ముగించింది. మరుసటి ఏడు గినీస్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. రెండేళ్లకే పూర్తిగా ఎదిగిపోయిన గుర్రాన్ని చలికాలంలో మిగతావి అందుకుంటాయి. ఆ గినీస్ గెలిచిన కమేకో అంతకుముందు ఏడాది ఒక మైలు దూరం ఫ్యూచరిటీ అనే రెండేళ్ల గుర్రాల రేసు గెలిచి వచ్చింది. డాంకాస్టర్‌లో వానకు నేల పాడై, ఆ సారి ఆ రేసును న్యూకాజిల్‌కు మార్చారు.

మామూలుగా ఫ్యూచరిటీ అక్టోబరు చివర్లో డాంకాస్టర్‌లోనే జరుగుతుంది. హై చాపరల్, మోటివేటర్, ఆథరైజ్డ్, కేమలాట్ ఇది గెలిచే డెర్బీకి వెళ్లి, అక్కడా గెలిచారు. ఏడు ఫర్లాంగుల వేగం కంటే మైలు దూరం దమ్మును చూడ్డమే నాకిష్టం. ఈసారి సెలవు దొరికితే డ్యూహర్స్ట్ టీవీలో చూసి, రైలు టికెట్ డాంకాస్టర్‌కే తీసుకుంటాను.