గోడను నాకే కుక్క

మా బుజ్జి రాత్రి తిండి తిన్న గంటకల్లా హాలు మూలకు వెళ్లి, గోడను ఒకే చోట అదేపనిగా నాకుతూ నిలబడేది. అక్కడ రంగు పెచ్చులుగా లేచి, అరచేయంత తడి మచ్చ ఏర్పడింది. ఏమీ తోచక చేస్తోందనుకుని నేను ప్రతిసారీ గదమాయించేవాణ్ణి. అది ఒక్క క్షణం ఆగి, నావైపు చూసి, నోట్లో ఏమీ లేకపోయినా రెండు మూడు గుటకలు మింగి, మళ్లీ మొదలుపెట్టేది. ఆ గుటకలను పట్టించుకోకపోవడమే నేను చేసిన పొరపాటు.

ఫోనులో తీసిన వీడియో చూపించినప్పుడు పశువైద్యురాలు గోడ సంగతి వదిలేసి, గొంతు కదలికను గమనించారు. పరీక్షల్లో జీర్ణాశయం వాచిందని తేలింది. ఇది అరుదైన విషయమేమీ కాదు. నేలనూ గోడలనూ అతిగా నాకే 19 కుక్కలను కెనడా పరిశోధకులు పరీక్షించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో 14 కుక్కలకు జీర్ణకోశ సమస్యలు బయటపడ్డాయి. లేని ఈగలను గాలిలో పట్టబోయినట్లు నోరు ఆడించే కుక్కల్లోనూ ఇలాంటి కారణాలే కనిపించిన సందర్భాలున్నాయి. కొన్నింటిలో అది మూర్ఛ లక్షణం కూడా కావచ్చు. ముంగాలిని పుండు పడేదాకా నాకే కుక్కకు అలర్జీయో కీళ్ల నొప్పో ఉండవచ్చు.

అన్నీ రోగాలు కావు. పడుకునే ముందు చుట్లు తిరగడం, స్నానం చేయించగానే ఇల్లంతా పరుగులు తీయడం కుక్కకు సహజం. కొన్ని అలవాట్లు జాతిని బట్టి వస్తాయి: బుల్ టెర్రియర్లు తోక వెంట గిరగిరా తిరుగుతాయి, డాబర్‌మన్లు తమ డొక్కను తామే చప్పరిస్తాయి, డాబర్‌మన్ల ఈ అలవాటుకు జన్యువులుండే ఏడవ క్రోమోజోముతో సంబంధం ఉన్నట్లు 2010లో పరిశోధకులు గుర్తించారు. మరికొన్నింటిని మనమే అంటగడతాం. లేజరు లైటు బొమ్మతో వేసే వెలుగు చుక్క ఎంత తరిమినా నోటికి చిక్కదు కనుక, ఆ ఆటకు అలవాటుపడిన కుక్కలు కొన్ని తర్వాత నీడలను, గోడ మీది వెలుగును వెంటాడడం మొదలుపెడతాయి. ఆ బొమ్మను కుక్కకు చూపించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పిలిస్తే ఆపి వస్తోందా, తిండిని, నిద్రను వదులుకుని మరీ చేస్తోందా, ఏ వేళలో ఎంతసేపు చేస్తోందన్నవి రాసిపెట్టుకుంటే వైద్యులకు ఎంతో ఉపయోగపడుతుంది. తిట్టడం వల్ల ఆందోళన పెరుగుతుంది. పైగా తిట్టు కూడా కుక్కకు ఒక పలకరింపే. తలను గోడకు నొక్కి పెట్టి కదలకుండా నిలబడితే మాత్రం రాసుకుంటూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

బుజ్జికి మందులు వాడి, తిండిని కొద్దికొద్దిగా మూడు పూటలకు పంచాం. ఇప్పటికీ ఎప్పుడైనా ఆ మూలకు వెళుతుంది. నేను గదమాయించను; పక్కన కూర్చుని, గుటకలు మింగుతోందేమో చూస్తాను.