రెండు సైట్లకు ఒకే ప్రొఫైల్: నాలుగు వారాల పని

తెనాలి నుంచి బెంగళూరు మారతహళ్ళికి వచ్చిన అమ్మానాన్నల కోసం రెండు చిన్న సైట్లు రాశాను. ఒకటి బస్సు బోర్డులు చదవగలిగేలా కన్నడ లిపి నేర్పుతుంది, రెండోది బజార్లో పనికొచ్చే మాటలు. రెండూ మనిషిని బట్టి తర్వాతి ప్రశ్న మార్చుకుంటాయి. కానీ ఒకదాని సంగతి రెండోదానికి తెలీదు. నెల రోజుల్లో అక్షరాలన్నీ పట్టేసిన అమ్మ మాటల సైటు తెరిస్తే అది మళ్ళీ 'అ' దగ్గర మొదలుపెట్టింది. "ఏంట్రా ఇది, మళ్ళీ పలక పట్టిస్తోంది?" అంది. ఆ రాత్రే రెండింటినీ కలిపే పని మొదలుపెట్టాను.

మొదటి వారం పేర్లు కలపడం. ఒక సైటులో అక్షరాలను తెలుగు లిపిలో దాచాను, ఇంకోదాంట్లో కన్నడ లిపిలో. కంప్యూటర్ కోసం ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' 3221. తేడా 128. రెండు లిపుల్లోనూ ఇప్పుడు వాడే మిగతా అక్షరాలకూ అదే తేడా కాబట్టి ఒక్క లైను కోడ్‌తో తేలిపోయింది.

అసలు తలనొప్పి రెండో వారంలో వచ్చింది. లిపి సైటులో బేసియన్ నాలెడ్జ్ ట్రేసింగ్ వాడాను, 1995లో కార్బెట్, ఆండర్సన్ రాసిన పద్ధతి. ఒక్కో అంశం వచ్చు అనడానికి 0 నుంచి 1 మధ్య ఒక అంకె ఇస్తుంది. మాటల సైటులో ఉన్నది ఎస్‌ఎం-2 అనే ఇంకో పద్ధతి. అది మళ్ళీ ఎన్ని రోజులకు అడగాలో లెక్కేస్తుంది: మొదట 1 రోజు, తర్వాత 6, ఆపైన 2.5తో మొదలయ్యే గుణకంతో పెంచుకుంటూ పోవడం. లిపిలో 0.95 దాటిన మాటను నేరుగా 15 రోజుల (6 × 2.5) గడిలో వేసేశాను. అందులో 'హాలు' కూడా ఉంది.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ మీది ఆ మాటను అమ్మ తడుముకోకుండా చదివింది. "హాలంటే మన ముందుగదేగా, ప్యాకెట్ మీదెందుకు రాశారు?" అని అడిగింది. చదవడం వచ్చు, అర్థం తెలీదు. నా అంకె ఆ రెంటినీ ఒకటి చేసేసింది. పాత కన్నడంలోని 'ప' చాలా మాటల్లో 'హ' అయిందని, పాలు హాలైందని, పులి హులి అయిందని చెబితే, "అయితే పువ్వు హూవా?" అని తనే పట్టేసింది. ఆ పోలిక ఇప్పుడు సైటులో సూచనగా చేరింది.

అప్పట్నుంచి అంకె పంపడం మానేశాను. ఏ మాట, చదవడమా అర్థం చెప్పడమా, ఎన్నిసార్లు అడిగాం, ఎన్ని సరి, చివరిసారి ఎప్పుడు, ఏ సైటు చూసింది: ఇవే పంపుతున్నాను. లెక్క అందుకున్న సైటే వేసుకుంటుంది. హెక్‌మన్, ఆయన తోటివాళ్ళు 2005లో రాసిన గుమో అనే యూజర్ మోడల్ పదకోశంలో, అంటే వాడే మనిషి గురించిన వివరాలు రాసుకునే పద్ధతిలో, 'తెలుసు', 'ఇష్టం' లాంటివి ఒక గడిలో, దేని గురించి అన్నది ఇంకో గడిలో ఉంటాయి. ఆ విడదీత నాకు బాగా అక్కరకొచ్చింది. దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక్క టేబుల్ చాలింది.

మూడో వారం ఇంకో దెబ్బ. ఖాతాలను ఫోన్ నంబరుతో కలిపాను. మా ఇంట్లో ఓటీపీలన్నీ నాన్న ఫోనుకే వస్తాయి, అమ్మ లాగిన్ కూడా ఆ నంబరే. నాన్న సరదాగా నొక్కిన 40 జవాబులు అమ్మ లెక్కలో పడి, తనకు బాగా వచ్చిన మాటలే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. అమ్మ రెండు రోజులు సైటు ముట్టుకోలేదు. నాకు చాలా బాధేసింది. టేబుల్‌లో ఏ వరస ఏ ఖాతా నుంచి వచ్చిందో రాసి ఉండబట్టి ఒక్క క్వెరీతో అవన్నీ తీసేయగలిగాను. ఇప్పుడు ఒక సైటు ఆరంకెల కోడ్ చూపిస్తుంది, రెండోదాంట్లో కొట్టాలి. పది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. కలిపే ముందు పేరు చూపించి అడుగుతుంది.

నాలుగో వారం అనుమతులు. అక్షరాలు, మాటలు, సాధన చేసిన వేళలు: మూడింటికీ విడి స్విచ్‌లు, మొదట్లో అన్నీ ఆఫ్. అనుమతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలని మన 2023 డేటా రక్షణ చట్టం చెబుతుంది. ఇంటి వాడకానికి అది వర్తించకపోయినా ఆ మాట సరైనదనిపించింది. స్విచ్ ఆపితే అవతలి సైటుకు వెళ్ళిన వరసలూ చెరిగిపోతాయి.

నిన్న అమ్మకు మాటల సైటు 'హీరేకాయి' (మన బీరకాయ) దగ్గర తెరుచుకుంది. ఇక మిగిలింది పాతబడిన లెక్కల సంగతి. రెండు నెలల కిందటి సరైన జవాబుకు ఇవాళ ఎంత విలువివ్వాలో ఈ శనివారం కూర్చుని చూడాలి.