చార్టులో పట్టనిది

పరాయి దేశంలో నర్సుగా చేరిన కొత్తలో హ్యాండోవర్ అంటేనే, అంటే పేషెంట్ల సంగతులు తర్వాతి షిఫ్టువాళ్లకు అప్పగించడమంటేనే, నాకు టెన్షన్. షిఫ్ట్ మారే వేళ అందరూ గడగడా మాట్లాడేసేవారు. వాళ్ల యాస అర్థమై, నా జవాబు మనసులో కుదురుకునేలోపు మాట ఇంకో పేషెంటు మీదికి వెళ్లిపోయేది. గుండె దడదడా కొట్టుకునేది, అరచేతులు చెమటతో తడిసేవి. పైకి మాత్రం కదలకుండా నిలబడేదాన్ని. "ఎంత ప్రశాంతంగా ఉంటుందో" అని ఒకరు అనుకున్నారు, "పెద్దగా ఏమీ తెలియదు" అని ఇంకొకరు. రెండూ తప్పే.

మెదడు, నరాల జబ్బులవాళ్లుండే ఆ న్యూరో వార్డులో మా పనే పైకి కనిపించేదాన్ని రాయడం. మనిషి ఎంత స్పృహలో ఉన్నాడో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్‌ను 1974లో టీజ్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు ప్రకటించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అన్నిటికన్నా తక్కువ 3. స్కోరు పడిపోతే వెంటనే డాక్టరును పిలుస్తాం. ఎన్నో ప్రాణాలకు అదే ముందస్తు హెచ్చరిక. కానీ అది కొలిచేది మనిషి చేసి చూపించగలిగినదాన్నే.

పక్షవాతంతో మాట పోయిన ఒక పెద్దాయన ఉండేవారు. ఏం అడిగినా సంబంధం లేని పదాలే వచ్చేవి. మాటకు 3 వేసి వెనక్కి తిరిగాను. ఆయన మంచం కడ్డీ మీద టకటకా తట్టారు. చూస్తే సెలైన్ అయిపోవస్తోంది. నేను గమనించలేదు, ఆయన గమనించారు. ఆ రాత్రి నాకు చాలాసేపు మనసు కుదుటపడలేదు. నన్ను చూసి వాళ్లు అనుకున్నదే, ఆయన్ని చూసి నేనూ అనుకున్నాను.

2006లో మెదడు పరిశోధకుడు ఏడ్రియన్ ఓవెన్ బృందం ఇంతకన్నా పెద్ద విషయం చూపించింది. పిలిచినా ఏ స్పందనా లేని ఒక యువతిని మెదడు పనితీరు చూపే స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతులు అలా ఊహించినప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో, ఆమెలోనూ అదే పనిచేసింది. అడిగితే వేలు కూడా కదపని మనిషి, వాళ్లు చెప్పింది విని, చేసింది! అలాంటివాళ్లందరూ లోపల మెలకువగానే ఉంటారని కాదు. పైనుంచి చూసి తేల్చలేమని మాత్రం తెలిసింది.

ఈమధ్య మా వార్డుకు ఇంకో దేశం నుంచి ఒకమ్మాయి వచ్చింది. హ్యాండోవర్‌లో నోరు విప్పదు. మొన్న అందరూ వెళ్లాక పక్కన కూర్చుని, "తొందరేం లేదు, నువ్వేం చూశావో చెప్పు" అన్నాను. కాసేపు ఆగి, కిటికీ పక్క పేషెంటుకు మధ్యాహ్నం నుంచి మూత్రం తగ్గిందని చెప్పింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇద్దరం లేచి వెళ్లి చూశాం.