చిన్న దుకాణపోళ్లకు కూడా ఒకటే పోర్టల్ కావాలె

మా వదిన హన్మకొండల కారం, పసుపు పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్ముదామని చూస్తున్నది. ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉండంగ మిర్చికి కొదవేముంది, గిర్నీ మిషన్ కూడా మాట్లాడుకున్నది, పర్మిషన్ల కాడనే పని నిలబడ్డది. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఒక సైట్ల, జీఎస్టీ ఇంకో సైట్ల, ఫుడ్ లైసెన్స్ ఇంకోదాంట్ల, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ వేరే, లేబర్ ఆఫీసు షాప్ రిజిస్ట్రేషన్ వేరే, కాంటాకు ముద్ర కోసం తూనికలు కొలతలోళ్లు, మిషన్‌కు కరెంట్ కనెక్షన్ మళ్లీ వేరే. అన్నింటికీ లాగిన్ వేరే, ఓటీపీ వేరే, అడిగేది మాత్రం చాలావరకు అవే వివరాలు.

కిరాయి అగ్రిమెంట్ ముచ్చటే తీసుకోండి. ఒకచోట పీడీఎఫ్ అంటరు, ఇంకోచోట ఫొటో అంటరు, అది కూడా ఇన్ని కేబీల లోపే ఉండాలె, సైజు తగ్గించుకుంట పోతే స్టాంప్ పేపర్ మీద అక్షరాలు అలుక్కుపోతయి, కనపడుతలేదని అప్లికేషన్ వాపస్ వస్తది. ఆధార్‌ల ఇంటిపేరు మొత్తం ఉండి పాన్‌ల పొడి అక్షరం ఉంటే ఇగ ఆ లొల్లి వేరే.

పెద్ద ఫ్యాక్టరీలకు మన దగ్గర తొవ్వ ఎప్పుడో పడ్డది. 2014ల టీఎస్ ఐపాస్ చట్టం చేసిన్రు, ఒకటే చోట అప్లై చేస్తే మెగా ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల్ల పర్మిషన్, లేటైతే ఎందుకైందో అడిగే హక్కు కూడా ఇచ్చిన్రు. మంచి చట్టం. 2021ల కేంద్రం కూడా పర్మిషన్లకు ఒకటే చోట అప్లై చేసే నేషనల్ సింగిల్ విండో పోర్టల్ తెచ్చింది. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కుల యూనిట్ పెట్టే కంపెనీకి దొరికే సౌలత్ పరకాలల టైలరింగ్ షాపు పెట్టే ఆడామెకు కూడా దొరకాలె కదా, కంపెనీకైతే కాగితాలు చూసుకునే మనిషి ఉంటడు, ఈమె షట్టర్ దించి పోవాలె.

ఉన్న సైట్ల లింకులన్నీ తెచ్చి ఒక పేజీల పెడితే మాత్రం ఏం ఫాయిదా లేదు, లింకు నొక్కినాక మళ్లీ అదే ఫారం నింపుడే కదా. ఒక్కసారి ఇచ్చిన వివరం అన్ని శాఖలకు పోవాలె. ఇది అయ్యే పనే. 2020 జూలై 1 నుంచి ఉద్యమ్‌ల ఒక్క కాగితం అప్‌లోడ్ చేసేది లేదు, ఆధార్, పాన్ నంబర్లు కొడితే ఐటీ, జీఎస్టీ వివరాలు సర్కారు దగ్గర ఉన్నవే తీసుకుంటది, ఫీజు కూడా లేదు. 2023 బడ్జెట్‌ల కూడా సర్కారు ఎంచుకున్న శాఖల ఆన్‌లైన్ సిస్టమ్‌లన్నింట్ల వ్యాపారానికి పాన్‌నే ఉమ్మడి గుర్తింపుగా వాడుతమన్నరు. ట్రేడ్ లైసెన్స్, షాప్ రిజిస్ట్రేషన్ కూడా ఇట్లనే పాన్‌కు కట్టేస్తే చాలు.

రెన్యువల్ తారీఖులన్నీ ఒక్కదగ్గర కనపడాలె, ముందుగాల మెసేజ్ రావాలె, ఫారం మొత్తం తెలుగుల ఉండాలె. ఇంకోటి, తప్పులుంటే అన్నీ ఒకేసారి చెప్పాలె, ఇయ్యాల ఫొటో బాగలేదని, అది మార్చినంక సంతకం లేదని, ఒక్కోటి చెప్పుకుంట పోతే సీజన్ దాటిపోతది, మిర్చి రేటు ఆగదు కదా.