పది రోజులకోసారి థైరాయిడ్ టెస్ట్ చేయించుకునేదాన్ని

నాకు 34 ఏళ్ళప్పుడు మొదలైంది. తొమ్మిది గంటలు పడుకున్నా పొద్దున లేస్తే ఒళ్ళంతా బరువు, దువ్వెన నిండా జుట్టు, అందరూ ఫ్యాన్ వేసుకుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని, నిద్ర చాలట్లేదేమో అని ఇంట్లోవాళ్ళు అంటే నేనూ అదే అనుకుని ఏడాది గడిపేశా. ఒకరోజు వేలికున్న ఉంగరం రాలేదు, సబ్బు రాసి పావుగంట తిప్పితే గానీ ఊడలేదు, కింద చర్మం తెల్లగా నొక్కుకుపోయి ఉంది. అది చూసి భయమేసి డాక్టర్ దగ్గరికెళ్ళా. టీఎస్‌హెచ్ 48. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్ అది. మామూలుగా 4, 4.5 లోపుండాలి.

లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర 50 మైక్రోగ్రాములు రాసి, రోజూ పరగడుపున వేసుకుని ఆరు వారాల తర్వాత టెస్ట్ చేయించుకుని రమ్మన్నారు. నేను ఆగలేకపోయా. పది రోజులకే ల్యాబ్‌కి వెళ్ళా, 41. ఇంకో పది రోజులకి 33. తగ్గుతోందని ఇప్పుడు తెలుస్తోంది గానీ ఆరోజు రిపోర్ట్ పట్టుకుని ఏడ్చేశా, రెండు మాత్రలు వేసుకుంటే త్వరగా దిగుతుందేమో అని కూడా అనిపించింది, వేసుకోలేదు నయం.

డాక్టర్ ఆ రిపోర్టులు చూసి కోప్పడలేదు. "ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుందమ్మా, రోజూ వేసుకుంటుంటే ఒక లెవెల్లో నిలబడటానికి ఐదారు వారాలు, మధ్యలో వచ్చిన నంబర్ చూసి నేను డోస్ మార్చలేను" అన్నారు. ఎవరైనా ఈ మాట మొదటిరోజే చెప్పుంటే ఎంత బాగుండేదో!

ఆరు వారాలకి డోస్ 75 చేశారు, మళ్ళీ ఆరు వారాలు, ఐదో నెలకి టీఎస్‌హెచ్ 2.6. ఒళ్ళు తేలికపడింది, జుట్టు మాత్రం ఇంకా కొన్ని నెలలు రాలుతూనే ఉంది. తర్వాత ఆరు నెలలకి ఒకసారి, అదీ బాగుంటే ఏడాదికోసారి చాలన్నారు.

బాగైపోయానని రెండేళ్ళు టెస్టే మానేశా, అది పెద్ద తప్పు. నీరసం మెల్లగా మళ్ళీ వచ్చింది, చూస్తే 11. ఐరన్ మాత్ర కూడా పొద్దున్నే కలిపి వేసుకుంటున్నా, అది థైరాయిడ్ మందుని సరిగ్గా ఒంటబట్టనివ్వదట, నాలుగు గంటలు గ్యాప్ ఉండాలట. ఇంకోటి, జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వేసుకునేవాళ్ళు టెస్ట్‌కి ముందు డాక్టర్‌కి చెప్పండి, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో రిజల్ట్ తప్పుగా చూపిస్తుంది.

ఊరికే భయంతో అన్ని టెస్టులూ ఒకేసారి చేయించుకోవడం కూడా మానేశా. చాలా టెస్టుల్లో నార్మల్ రేంజ్ అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 95 శాతం మంది పడే హద్దు, అంటే ఏమీ లేకపోయినా 20 మందిలో ఒకరికి బయట చూపిస్తుంది, ఇరవై టెస్టులు చేయిస్తే ఏదో ఒకదానికి గుండె దడ వచ్చే అవకాశం సగం కంటే ఎక్కువే.

ఇప్పుడు ఏడాదికోసారే. మధ్యలో డోస్ మారితేనో, ఏదైనా కొత్త మందు మొదలుపెడితేనో ఆరు వారాలు ఆగి చేయించుకుంటా. కడుపుతో ఉన్నవాళ్ళకి లెక్క వేరు, మొదటి సగంలో దాదాపు నాలుగు వారాలకోసారి చూడాలి, నా చెల్లికి ఇప్పుడు అదే నడుస్తోంది, తేదీలన్నీ నేనే గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తున్నా.