నూరువరహాల మొక్క మళ్ళీ పచ్చబడింది: నా అనుభవం

మా బాల్కనీలో నూరువరహాల మొక్క ఎట్టకేలకు గుత్తులు వేసింది. ఆ సంతోషంతో, ఒక నర్సరీ ఆయన మీద ఇంకా చల్లారని కోపంతో ఇది రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ఇక్కడ బోరు నీళ్లే దిక్కు, బకెట్ అంచులకి తెల్లగా పొర కట్టే నీళ్లు. మొక్క కొనడం, రోజుకి ఐదారు గంటలు ఎండ తగిలేచోట పెట్టడం పెద్ద పనేం కాదు. కొన్నాళ్ళకి చిగుళ్ళు పసుపు పచ్చగా రావడం మొదలైంది. ఆకంతా పాలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, వల పరిచినట్టు కనిపించేవి. అడుగున ముదురాకులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఒక రెమ్మ తుంచి నర్సరీకి పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోకుండా "నీళ్లు ఎక్కువ పోస్తున్నారు" అని డీఏపీ ఎరువు పొట్లం చేతిలో పెట్టాడు. అది వేశాక మొక్క ఇంకా పాలిపోయింది. మళ్ళీ వెళ్ళి అడిగితే, అక్కడున్న అందరి ముందూ "ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి మొక్కలెందుకు మేడమ్, ప్లాస్టిక్ పూలు పెట్టుకోండి, నీళ్లు కూడా పొయ్యక్కర్లేదు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ముఖం మాడిపోయింది నాకు. మా ఊళ్ళో ఆ పువ్వు మధ్యలో దారం లాగి తేనె బొట్టు చప్పరిస్తూ పెరిగినదాన్ని, నాకు మొక్కలు తెలియవంటాడా? పైగా సున్నం ఊరే ఆ సిమెంటు కుండీ అంటగట్టింది కూడా ఆయనే. డబ్బులు తీసుకున్నాక కనీసం ఆకు వంక చూడాలి కదా, వ్యాపారం చేసే పద్ధతి అదేనా?

తెలిసినవాళ్ళ సలహాలు ఇంకో గోల. కోడిగుడ్డు పెంకులు వెయ్యండి, బూడిద చల్లండి అంటారు. దయచేసి ఈ మొక్కకి అవి రెండూ వెయ్యకండి. దీనికి కాస్త పుల్లటి మట్టి కావాలి, ఆ పులుపుని కొలిచే పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. బూడిద, సున్నం ఆ పులుపుని చంపేస్తాయి.

చివరికి దారి చూపించింది వేరుశనగ పండించే మా చిన్నాన్న. ఫోటో పంపిన కాసేపటికే ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న చేలల్లో మా శనక్కాయకీ ఇట్లాగే వస్తది, అన్నభేది కొట్టు" అన్నాడు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నపు నీళ్ళ వల్ల వేళ్ళకి అందదట. డీఏపీలోని భాస్వరం దాన్ని ఇంకా బిగించేస్తుందట. ముదురాకులు ముందు పండితే నత్రజని లోపం, చిగురు ముందు పాలిపోతే ఇనుము లోపం. ఈ ఒక్క ముక్క ఆ నర్సరీలో చెప్పి ఉంటే ఎంత టెన్షన్ తప్పేది!

లీటరు నీళ్ళకి 1 గ్రాము నిమ్మ ఉప్పు ముందు కరిగించి, తర్వాత 5 గ్రాముల అన్నభేది కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేశాను. వారానికోసారి. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి, తుప్పు రంగు తిరిగిందైతే కొనకండి, పనిచెయ్యదు. కలిపిన నీళ్ళు అప్పటికప్పుడు వాడెయ్యాలి. టైల్స్ మీద పడితే మరకలు పోవు, కింద పాత బట్ట పరవండి. పిచికారీ వద్దనుకునేవాళ్ళు చీలేటెడ్ ఐరన్ (వేళ్ళకి అందేలా తయారు చేసిన ఇనుము) మట్టిలో వేసుకోవచ్చు, కానీ బోరు నీళ్ళ మట్టికి ఈడీడీహెచ్ఏ రకమే అడగండి, మామూలుగా దొరికే ఈడీటీఏ రకం అక్కడ నిలవదు.

సిమెంటు కుండీ తీసేసి మట్టి కుండీలోకి మార్చాను, ఎర్రమట్టి, ఆకుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి. ఇప్పుడు పోసేది వాన నీళ్లు, లేదా ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

కొత్త చిగుళ్ళు నిగనిగలాడుతూ వచ్చాయి, కొసల్లో సూదుల్లాంటి మొగ్గలు, ఒక్కో గుత్తిలో లెక్కపెట్టలేనన్ని నాలుగు రేకుల ఎర్రపూలు. మా ఫ్లోర్‌లో ఇంత బాగా పూసిన మొక్క ఇంకెవరికీ లేదు, గర్వంగానే చెప్తున్నాను. పూత అయిపోగానే కొసలు కత్తిరిస్తే కొత్త కొమ్మలొచ్చి మళ్ళీ పూస్తుంది. ఆ కత్తిరించిన వాటిలో మరీ లేతవీ మరీ ముదురువీ కాని జానెడు ముక్కల్ని వానాకాలంలో నాటితే వేళ్ళు పోసుకుంటాయి. పక్క ఫ్లాట్ వాళ్ళు అప్పుడే అడిగారు. ముందు ఏసీ పైపు కింద బకెట్ పెట్టుకోమన్నాను, పెట్టాకే కొమ్మ ఇస్తాను.