కాలి పుండు చూసేటప్పుడు గుండెనూ చూడాలి

షుగరు ఉన్నవారి అరికాలిలో పుండు పడిందంటే ఇంటిల్లిపాదికీ పట్టుకునే భయం వేలు తీసేస్తారేమో, కాలు పోతుందేమో అన్నదే. ఆ భయం అకారణం కాదు గానీ, ఇలాంటి పుండు పడినవారిలో సుమారు 30 శాతం మంది ఐదేళ్లలోపే చనిపోతున్నారనీ, ఆ మరణాలకు ప్రధాన కారణం గుండె, రక్తనాళాల జబ్బులేననీ చాలా కుటుంబాలకు తెలియదు.

మా పెదనాన్నగారికి చెప్పులోంచి మేకు దిగినా నొప్పి తెలియలేదు. గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి పెద్దమ్మే కేక వేసింది. నరాలు దెబ్బతిని స్పర్శ పోయిన కాలు అలాగే ఉంటుంది. గుండెకు వెళ్లే నరాలూ అలాగే దెబ్బతింటే ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఆయాసం, చెమటలు, నీరసం తప్ప వేరే సూచనే ఉండకపోవచ్చు.

మామూలు గాయమైతే తెల్లరక్తకణాలు వచ్చి క్రిములను చంపి, శుభ్రం చేసి, కొన్నాళ్లకు మరమ్మతు పనిలోకి మారతాయి. షుగరు అదుపులో లేని ఒంట్లో ఆ మార్పు సరిగా జరగదు. మాక్రోఫేజ్‌లనే తెల్లరక్తకణాలు ఇంకా యుద్ధంలోనే ఉన్నట్టు ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వంటి, ఇన్‌ఫ్లమేషన్‌ను (ఒంట్లోని వాపు, మంటను) రగిలించే రసాయనాలను వదులుతూనే ఉంటాయి. అవి రక్తంలో కలిసి కాలేయాన్ని చేరితే సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే ప్రొటీన్), ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్) పెరిగి రక్తం గడ్డకట్టే గుణం హెచ్చుతుంది. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు మీది పొర పలచబడి చిట్లే ప్రమాదమూ పెరుగుతుంది. అలాగని పుండే గుండెపోటు తెచ్చిందని తేల్చి చెప్పలేం, ఎందుకంటే రెంటినీ పెంచే మూలం చాలావరకు ఒకటే. అయితే ఇన్‌ఫ్లమేషన్ కేవలం సాక్షి కాదని 2017లో ఫలితాలు వెలువడిన క్యాంటోస్ అనే మందు ప్రయోగం చూపింది: గుండెపోటు వచ్చినవారిలో కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండా ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే మరో రసాయనమైన ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను మాత్రమే అడ్డుకుంటే, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి. పుండు ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు.

నాకు అంతకన్నా ఆశ కలిగించింది స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో అనుభవం. అక్కడ 2001 నుంచి కాలి పుండుతో వచ్చినవారందరికీ గుండె ముప్పును పరీక్షించి, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు), ఆస్పిరిన్, బీపీ మందులను పద్ధతిగా ఇవ్వసాగారు. అంతకుముందు 48 శాతంగా ఉన్న ఐదేళ్ల మరణాలు 26.8 శాతానికి దిగాయి. ఇది రెండు కాలాల మధ్య పోలికే అయినా, వాడినవి ఏ ఊరి మందుల షాపులోనైనా దొరికే మందులే.

అందుకే డ్రెస్సింగ్‌కు వెళ్లినప్పుడు ఈసీజీ, కొలెస్ట్రాల్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షల గురించి కూడా డాక్టరుగారిని అడగండి. పుండు చీము పట్టి ఉండగా చేసిన సీఆర్‌పీని గుండె ముప్పుకు కొలతగా తీసుకోకూడదు. చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష మంచిదే గానీ, నాళాల్లో సున్నం పేరుకున్నవారిలో రక్తప్రసరణ బాగున్నట్టు తప్పుగా చూపవచ్చు కాబట్టి, అలాంటివారికి బొటనవేలి దగ్గర కూడా కొలిపించడం మేలు.